ఈసారి సిరిమాను పండక్కి చేపల్ని పెద్ద తొట్టిలోకి మార్చలేదు

మొన్న పైడితల్లమ్మ పండక్కి మా ఇంటికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న. హాల్లో నాలుగడుగుల అక్వేరియం, దానికో లైటు, వెనకాల నల్ల షీటు, అన్నీ బానే ఉన్నాయి గానీ లోపల ఒక ముసలి ఏంజెల్ చేప, అడుగున తిరిగే మూడు కోరీలు, గాజుకి అతుక్కుని పొద్దస్తమానం కదలకుండా ఉండే ఒక సక్కరు తప్ప ఇంకేమీ లేవేటి అని. మా బావ అయితే సోఫాలో కూర్చోకుండానే "ఏటోయ్ బామ్మర్దీ, నీళ్ళు పెంచుతున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పటికి వెనక గదిలో, బట్టల బీరువా పక్కన, రెండడుగుల చిన్న తొట్టిలో పన్నెండు రమ్మీ నోసులు (ముక్కు ఎర్రగా ఉండే గుంపు చేపలు), రెండు బుజ్జి ఏంజెళ్ళు హాయిగా తిరుగుతున్నాయి. వాటికి అది ఇరవై నాలుగో రోజు. తీసుకొచ్చి హాల్లో వేసేస్తే పది నిమిషాల పని. వెయ్యలేదు.

ఎందుకు వెయ్యలేదో చెప్పాలంటే పోయినేడాది సంగతి చెప్పాలి, చెప్పుకోవడానికి సిగ్గే గానీ.

పోయినేడాది కూడా ఇదే పండగ, ఇదే తొట్టి. మా ఊరోళ్ళకి తెలుసు కదా, దసరా వెళ్ళాక వచ్చే సోమవారం తొలేళ్ళు, మంగళవారం సిరిమాను, అంటే పొడుగాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించడం, ఆ రెండ్రోజులూ విజయనగరంలో ఏ ఇల్లు చూసినా చుట్టాలే, మా ఇల్లు మూడులాంతర్లకి నడిచెళ్ళే దూరంలో ఉండటం వల్ల మాకు ఇంకా ఎక్కువ, మేడ మీద నుంచి చూద్దామని వచ్చేవాళ్ళు కూడా ఉంటారు (మా మేడ మీద నుంచి సిరిమాను కనపడదు, పక్కింటి వాటర్ ట్యాంకు కనపడుతుంది, అయినా వస్తారు). సరే, అందరూ వస్తారు, తొట్టి నిండుగా ఉండాలి అని నాకో పిచ్చి. కొత్త చేపలు తెచ్చి, జబ్బులేవైనా ఉంటే బయటపడతాయని ముందు విడిగా చిన్న తొట్టిలో పెట్టాను, మూడో రోజుకి తెల్ల చుక్కలొచ్చాయి, మందేశాను, ఏడో రోజుకి చుక్కలు పోయాయి. తొలేళ్ళ ముందు ఆదివారం, అంటే లెక్కకి ఎనిమిదో రోజు, ఒంటి మీద ఒక్క చుక్క లేదు, చేపలు బ్రహ్మాండంగా తింటున్నాయి, తగ్గిపోయింది కదా అని వల వేసి మొత్తం పెద్ద తొట్టిలోకి దించేశాను. మంగళవారం అందరూ చూసి ఆహా ఓహో అన్నారు. గురువారం ఒక చేప రాయికి ఒళ్ళు రుద్దుకుంటా కనపడింది. శనివారానికి తొట్టిలో ప్రతి చేపా బొంబాయి రవ్వలో దొర్లించి తీసినట్టుంది. ఇరవై రెండు చేపల్లో పదిహేడు పోయాయి. మిగిలినవే ఆ ముసలి ఏంజెలు, కోరీలు, సక్కరు.

అప్పుడు అర్థమైంది నాకు, చుక్కలు పోవడం వేరు, జబ్బు పోవడం వేరు. చాలామంది చేసే తప్పు ఇదే అనుకుంటాను, షాపులో కూడా అదే చెప్తారు, "చుక్కలు పోయాక వేసెయ్యండి సార్" అని.

ఆ తెల్ల చుక్క అసలు చుక్క కాదు, ఇక్ అని ఒక పరాన్నజీవి, చేప చర్మం కింద దూరి కూర్చుని మేస్తూ ఉంటుంది, మనకి ఉప్పు రేణువులా కనపడేది అదే. అక్కడున్నంతసేపూ ఏ మందూ దానికి తగలదు, చేప చర్మమే దానికి గొడుగు. బాగా మేసి బలిశాక తనంతట తనే ఊడి కిందకి రాలుతుంది. మనం ఆ రోజు చూసి "హమ్మయ్య, తగ్గింది" అనుకుంటాం. అది అడుగున ఇసకలోనో, ఆకు మీదో అతుక్కుని, చుట్టూ తొడుగు కట్టుకుని, లోపల రెండు, నాలుగు, ఎనిమిది అని చీలుతూ పోయి వందల పిల్లలవుతుంది, అవి తొడుగు పగలగొట్టుకుని నీళ్ళలోకి వచ్చి ఈదుతూ చేప కోసం వెతుక్కుంటాయి, రెండు మూడు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. మందు పనిచేసేది ఆ ఈదే టైములోనే. అంటే నేను పోయినేడాది సరిగ్గా అవి గుడ్లు పొదుగుతున్నట్టు అడుగున కూర్చున్న టైములో, చుక్కల్లేవని సంబరపడి, చేపల్తో పాటు మొప్పల్లోనో వల తడిలోనో ఉన్న వాటి పిల్లల్ని కూడా ఎత్తి, ఇసకా మొక్కలూ చెక్కా ఉన్న రెండొందల లీటర్ల తొట్టిలోకి మోసుకెళ్ళానన్నమాట. చిన్న తొట్టిలో యాభై లీటర్లకి మందెయ్యడం, అడుగు పైపుతో లాగడం ఒక పని. పెద్ద తొట్టిలో అది వేరే యుద్ధం, మొక్కలు చస్తాయి, నత్తలు చస్తాయి, ఇసకలో ఏ మూల ఏముందో తెలీదు.

ఈ విషయం నాకంటే బాగా మా అమ్మకి తెలుసని ఈ ఏడాదే తెలిసింది.

ఈసారి చవితి సందడి సద్దుమణిగాక ఒక ఆదివారం వైజాగ్ వెళ్ళి తెచ్చాను చేపల్ని. ఆక్సిజన్ కొట్టిన రెండు కవర్లు, వాటిని పేపర్లో చుట్టి, మా పిల్లాడి స్కూలు బ్యాగులో పెట్టుకుని పాసింజర్లో వచ్చాను, పక్కనాయన ఏటండీ అది అంటే చేపలండీ అన్నాను, కేజీ ఎంత పడిందండీ అన్నాడు. అవి వైజాగ్ షాపుకి ఎక్కడో కోల్‌కతా నుంచో చెన్నై కొళత్తూరు నుంచో వస్తాయి, ఎన్ని తొట్లు మారి ఎన్ని చేపల్తో కలిసి వచ్చాయో ఎవరికి తెలుసు, కాబట్టి షాపులో చురుగ్గా ఉన్నాయి అన్నదాన్ని నేను లెక్కలోకే తీసుకోను ఇప్పుడు.

ఆరో రోజు శుక్రవారం రెండు రమ్మీల తోక మీద చుక్కలు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని గాజుకి ముక్కు ఆనించి చూసి "ఒరే, సేపలకి కూడా అమ్మోరు పోస్తాదేట్రా?" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "నీకు మూడో తరగతిలో పోసినప్పుడు గుర్తుందా, పొక్కులు ఎండిపోయాయి నాను ఆడుకోడానికి ఎల్తానని ఏడ్సినావు. ఎండిపోతే అమ్మోరు ఎల్లిపోయినట్టు కాదురా. మూడు నీళ్ళూ పోసేదాకా గడప దాటనియ్యకూడదు, ఎవుల్నీ లోనికి రానియ్యకూడదు" అంది. గుమ్మానికి వేపమండలు, ఇంట్లో పోపు వెయ్యకపోవడం, మూడు నీళ్ళు పోసుకోవడం, అదంతా నాకు గుర్తే. ఆ నీళ్ళ లెక్క పొక్కు వచ్చిన రోజు నుంచి కాదు, పొక్కులు ఎండాక మొదలవుతుంది. ఇంటర్నెట్లో ఏడాది పాటు చదివింది ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసింది. అప్పట్నుంచి ఆ చిన్న తొట్టిని ఇంట్లో అందరూ పురిటి గది అంటున్నారు, అమ్మోరికీ పురిటికీ సంబంధం లేదు గానీ పేరు అలా స్థిరపడిపోయింది.

నేను చేసేది బిల్లులూ రిజిస్టర్లూ చూసే ఉద్యోగం, కాబట్టి ఇంట్లో కూడా పొడుగు నోటుబుక్కు ఒకటి పెట్టాను చేపలకి. అది చూసి రాస్తున్నాను ఈ తేదీలు. ఆరో రోజు చుక్కలు. అప్పటికి నీళ్ళు 28 డిగ్రీలు, హీటరు పెట్టి రోజుకో డిగ్రీ చొప్పున 30 దాకా తెచ్చాను, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది కాబట్టి ఎయిర్ స్టోన్ ఇంకోటి వేశాను. మందు సగం డోసే, ఎందుకంటే రమ్మీలు టెట్రా జాతి, వాటికి ఆ ఆకుపచ్చ మందు పడదు, సీసా మీద రాసినంత వేస్తే జబ్బుకంటే ముందు మందే చంపుతుంది (ఆ మందు చేతికి తగలనివ్వకండి, మంచిది కాదు, పైగా వారం దాకా మరక పోదు). ఫిల్టర్లో బొగ్గు ఉంటే తీసెయ్యాలి, లేకపోతే మందంతా అదే పీల్చేసుకుంటుంది. రోజూ అడుగు నీళ్ళు పావు వంతు లాగడం. పురిటి గదిలో ఇసకా రాళ్ళూ ఏమీ వెయ్యకపోవడం ఇందుకే, ఒట్టి గాజు అడుగు ఉంటే రాలినవి రాలినట్టు పైపుతో బయటకి పోతాయి. పదకొండో రోజు ఆఖరి చుక్క చూశాను. పద్దెనిమిదో రోజు దాకా, అంటే చుక్కలు లేకుండా ఇంకో వారం, మందు వేస్తూనే ఉన్నాను. ఆ తర్వాత మందు ఆపాను, హీటరు మెల్లగా 28కి తగ్గించాను.

అక్కణ్ణుంచి అసలు లెక్క. మందు లేకుండా, ఎక్స్‌ట్రా వేడి లేకుండా రెండు వారాలు. పద్దెనిమిదీ పద్నాలుగూ ముప్పై రెండు. పండగ ఇరవై నాలుగో రోజు పడింది. అంటే ఎనిమిది రోజులు తక్కువ.

ఇక్కడ ఒక మాట. ఈ రెండు వారాలు, నాలుగు వారాలు అని అందరూ చెప్పే లెక్కలు ఉన్నాయి కదా, అవి గుడ్డిగా పట్టుకోకండి, నీళ్ళ వేడిని బట్టి మారతాయి. 28 డిగ్రీల్లో ఆ పురుగు చేప మీద ఎక్కి, దిగి, చీలి, మళ్ళీ ఎక్కే చక్రం అంతా నాలుగైదు రోజుల్లో అయిపోతుంది, కాబట్టి పద్నాలుగు రోజుల్లో రెండు మూడు చుట్లు తిరిగేసి ఉంటుంది, ఉంటే కనపడి తీరుతుంది. అదే డిసెంబరు జనవరిలో మనవైపు రాత్రుళ్ళు చలి పట్టి నీళ్ళు 22కి పడిపోతే ఒక్క చుట్టుకే వారం పది రోజులు పట్టొచ్చు, అప్పుడు ఆ పద్నాలుగు రోజులు చాలవు, నెల చూడాల్సిందే. మే నెలలో పద్నాలుగు వేరు, సంక్రాంతికి పద్నాలుగు వేరు. ఈ ముక్క ఏ షాపు వాడూ చెప్పడు.

ఇంకో చిక్కు. ఒకసారి జబ్బుపడి కోలుకున్న చేపకి కొంత రోగనిరోధక శక్తి వస్తుంది. మంచిదే, కానీ దానివల్ల ఒంటి మీద కనపడకుండా మొప్పల్లో ఒకటీ అరా దాక్కుని ఉన్నా మనకి తెలీదు. అందుకని కొందరు ఏం చేస్తారంటే పెద్ద తొట్టిలోంచి ఒక చేపని తెచ్చి క్వారంటైన్లో పెడతారు, దానికేమీ రాకపోతే అంతా బాగున్నట్టు. నాకు ఆ ముసలి ఏంజెల్ని పంపడానికి మనసు రాలేదు, పైగా అది కూడా పోయినేడాది గండం గట్టెక్కిందే, దానికి రాకపోతే ఏం తెలుస్తుంది. అందుకని బాల్కనీ టబ్బులో దోమ పిల్లల్ని తినడానికి పెంచే గప్పీల్లోంచి రెండింటిని పంతొమ్మిదో రోజు అందులో వేశాను. వాటికి ఎప్పుడూ ఏ జబ్బూ తెలీదు. "పాపం వోటిని బలిస్తావేట్రా" అని అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. న్యాయమే. కానీ రెండు గప్పీలా, హాల్లో తొట్టా అంటే నేను గప్పీల వైపు తీర్పు చెప్పలేను, పోయినేడాది పదిహేడింటిని పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టినవాణ్ణి.

ఇంక పండగ ముందు వారం ఇంట్లో ఒత్తిడి. మా ఆవిడ నేరుగా ఏమీ అనదు. "ఏమండీ, చుక్కలు పోయి పది రోజులైంది కదా" అంటుంది. కరెక్టే. "బాగా తింటున్నాయి కదా" అంటుంది. అదీ కరెక్టే. మా పిల్లాడు "నాన్నా, కనీసం ఏంజెల్స్ రెండూ వేద్దాం, వాటికి అసలు చుక్కలే రాలేదు కదా" అన్నాడు. ఇది అన్నింట్లోకి ప్రమాదమైన మాట. ఒకే నీళ్ళలో ఉన్నాక చుక్క వచ్చినది, రానిది అని తేడా లేదు, తొట్టి మొత్తం ఒక్క రోగి కింద లెక్క. మధ్యలో ఒక్క కొత్త చేప అందులో పడినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు (మరి గప్పీలు అంటారా, అవి షాపు నుంచి వచ్చినవి కావు, రెండేళ్ళుగా మా టబ్బులోనే పుట్టి పెరుగుతున్నవి, అయినా మీ అనుమానం సబబే).

నిజం చెప్పాలంటే తొలేళ్ళ రాత్రి నేను కూడా జారాను. ఊరంతా లైట్లు, డప్పులు, ఘటాలు, మనుషులు, నిద్ర లేదు ఎవరికీ. పదకొండింటికి వెనక గదిలోకెళ్ళి టార్చి వేసి చూశాను, వల గోడకి వేలాడుతోంది, చెయ్యి దాని మీదకి వెళ్ళింది. అందరూ పడుకున్నాక మార్చేస్తే తెల్లారేసరికి తొట్టి నిండుగా ఉంటుంది కదా అని. అప్పుడు రమ్మీలని లెక్కపెట్టాను, అలవాటు అది, పదకొండే వచ్చాయి. మళ్ళీ పెట్టాను, పదకొండే. పన్నెండోది ఎప్పుడూ స్పాంజి ఫిల్టరు వెనకాల ఉంటుంది దరిద్రం, దాన్ని వెతికేసరికి పది నిమిషాలు పట్టింది, ఆ పది నిమిషాల్లో పూనకం దిగిపోయింది. వల అక్కడే వదిలేసి వచ్చి పడుకున్నాను.

మంగళవారం సిరిమాను మూడుసార్లు తిరిగింది, అందరం చూశాం, ఎండకి మాడిపోయాం. ఇంటికొచ్చి పులిహోర తింటూ బావ "నీళ్ళు పెంచుతున్నావా" అన్నాడు. అది ముందే చెప్పాను కదా.

గురువారం, ఇరవై ఆరో రోజు, చిన్న ఏంజెల్ ఒకదాని పై రెక్క అంచున తెల్లగా ఏదో కనపడింది.

గుండె ఆగినంత పనైంది. చుక్కలాగే ఉంది, కానీ సరిగ్గా గుండ్రంగా లేదు, అంచున పీలికలా ఉంది. ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే ఇంకా అనుమానం పెరిగింది, ఎందుకంటే ఫొటోలో గాజు మీద గీత కూడా జబ్బులాగే కనపడుతుంది. ఇప్పుడు ఏం చెయ్యాలి, మళ్ళీ ఒకటో రోజా, మందా? నేను మందు వెయ్యలేదు. అనుమానానికి మందెయ్యడం నాకు నచ్చదు, చుక్క అవునో కాదో తేల్చేది మందు కాదు, టైము. ఇక్ చుక్కైతే ఆ వేడిలో నాలుగైదు రోజులు మించి అక్కడ ఉండదు, ఊడిపోతుంది, ఆ తర్వాత ఒకటికి పది వస్తాయి. గాయమైతే అక్కడే ఉండి మెల్లగా చెరుగుతుంది. రోజూ పొద్దున్న ఒకే టైముకి, లైటు వెయ్యకుండా పక్కనుంచి టార్చి కొట్టి చూస్తూ నోటుబుక్కులో బొమ్మ గీశాను (నా బొమ్మలు చూసి మా పిల్లాడు ఇది చేపా గాలిపటమా అన్నాడు). శుక్రవారం అలాగే ఉంది. శనివారం అలాగే. సోమవారానికి అంచు పల్చబడింది. ఆ తర్వాతి గురువారానికి రెక్క అంచు గాజులా మళ్ళీ పెరుగుతోంది. రెండు ఏంజెళ్ళూ కొట్టుకుని ఉంటాయి, లేదా హీటరు కప్పుకి గీరుకుని ఉంటుంది. గప్పీల మీద ఏమీ లేదు, ఒక్కటీ ఒళ్ళు రుద్దుకోలేదు, ఊపిరి అందనట్టు మొప్పలు టపటపలాడించినదీ లేదు.

అయినా ముప్పై రెండో రోజు మార్చలేదు. ఆ అనుమానానికి జరిమానాగా ఇంకో వారం కలిపాను, ముప్పై తొమ్మిది అయింది, అది బుధవారం పడింది, ఆఫీసు రోజు ఎందుకని ఆదివారం అనుకున్నాను. అలా నలభై మూడో రోజు. నలభై మూడు రోజులు అవసరమా అంటే లేదు, జబ్బేమీ రాకుండా ఉంటే నేను నెలకే మార్చేసేవాణ్ణి.

ఈ ఆఖరి వారాల్లో చేసిన ఇంకో పని ఉంది, చాలామంది పట్టించుకోరు దీన్ని. మా ఇంట్లో రెండు నీళ్ళు, బోరు నీళ్ళు ఉప్పగా గట్టిగా ఉంటాయి, కొళాయి నీళ్ళు మెత్తన. పురిటి గది బోరు నీళ్ళతో మొదలెట్టాను, పీహెచ్ 7.8 చూపించేది, హాల్లోది కొళాయి నీళ్ళతో నడిచేది, 7.2. జబ్బు లేకపోయినా ఒకేసారి అక్కణ్ణుంచి ఇక్కడికి దూకిస్తే చేపకి షాకు. అందుకని మందు ఆపిన దగ్గర్నుంచి చిన్న తొట్టిలో నీళ్ళు మార్చిన ప్రతిసారీ కొత్త నీళ్ళకి బదులు హాల్లో తొట్టి నుంచి ఒక బకెట్టు తెచ్చి పోశాను. చివరికి రెండు తొట్లలో ఒకే నీళ్ళు. దీనివల్ల ఇంకో లాభం, హాల్లో పాత చేపలు మోస్తున్న క్రిములేవైనా ఉంటే కొత్తవాటికి అవి కూడా కొద్దికొద్దిగా అలవాటవుతాయి. జబ్బు కొత్త చేప నుంచి పాతదానికే వస్తుందని ఎక్కడుంది, అటూ రావచ్చు ఇటూ పోవచ్చు. కానీ బకెట్టు ప్రయాణం ఒకవైపే, హాలు నుంచి వెనక గదికి, ఎప్పుడూ తిరిగి రాకూడదు, బకెట్టు వేరు, వల వేరు, పైపు వేరు. ఎర్ర బకెట్టు పురిటి గదిది. ఒకరోజు మా ఆవిడ ఎర్ర బకెట్టులో బట్టలు నానబెట్టింది, ఆరోజు ఇంట్లో జరిగింది రాయను.

ఇంక పెద్ద తొట్టి సిద్ధంగా ఉందా అనేది. చేపలు సిద్ధమైతే చాలదు. ఏడాదిగా ఐదు చేపలున్న తొట్టి, అందులో ఫిల్టర్ బాక్టీరియా కూడా ఐదు చేపల పెంటకి సరిపడానే ఉంటుంది, ఒక్కసారిగా పద్నాలుగు వేస్తే అమ్మోనియా, అంటే ఆ పెంట నుంచి పుట్టే విషం, లేస్తుంది. అందుకని విడతలుగా. ముందు రమ్మీలు, పన్నెండూ కలిపి, ఎందుకంటే అవి గుంపు చేపలు, నాలుగు నాలుగు విడదీస్తే బెదిరిపోతాయి. పది రోజులాగి ఏంజెళ్ళు, పోట్లాట జాతి ఎప్పుడూ ఆఖరున రావాలి, ముందొస్తే తొట్టంతా నాదే అని పట్టా రాయించుకుంటుంది.

మార్చే ముందు శనివారం టెస్టు కిట్టు తీశాను. గాజు గొట్టంలో ఐదు మిల్లీలీటర్ల నీళ్ళు, చుక్కలు లెక్కపెట్టి వెయ్యడం, ఊపడం, ఐదు నిమిషాలు ఆగడం. అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే పచ్చ. ట్యూబులైటు కింద చూస్తే అన్నీ పచ్చగానే కనపడతాయి, అందుకని వీధి అరుగు మీదకి తెచ్చి తెల్ల కాగితం వెనక పెట్టి ఎండలో చూస్తాను. మా ఆవిడ పసుపు అంది. మా పిల్లాడు కొంచెం పచ్చ ఉంది అన్నాడు. పేపరు వేసే కుర్రాడు సైకిలు ఆపి "నిమ్మకాయ రంగండి" అన్నాడు. చార్టులో నిమ్మకాయ రంగు అంటే సున్నా. నైట్రైటు కూడా సున్నా, నైట్రేటు 20. సరే.

ఆకాశం కూడా చూశాను, నవ్వకండి. అక్టోబరు అంటే మనవైపు వాళ్ళకి వాయుగుండాల భయం ఊరికే రాలేదు, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12, 2018లో తిత్లీ శ్రీకాకుళం మీద పడింది అక్టోబరు 11. హుద్‌హుద్‌కి రోజుల తరబడి కరెంటు లేక ఎంతమంది అక్వేరియాలు పోయాయో. ఫిల్టరు గంటల తరబడి ఆగితే లోపల బాక్టీరియా ఊపిరాడక చస్తుంది, అలాంటప్పుడు కొత్త చేపల భారం కూడా దాని మీద వెయ్యకూడదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త ఉంటే నేను చేపల్ని మార్చను, బ్యాటరీ పంపు చార్జింగు పెట్టి ఊరుకుంటాను. ఆ ఆదివారం వార్తల్లో ఏమీ లేదు.

సాయంత్రం ఆరున్నరకి హాల్లో లైటు ఆర్పేశాను. ముసలి ఏంజెల్‌కి ముందే కడుపునిండా పెట్టాను, చెక్కా రాళ్ళూ కొంచెం అటూ ఇటూ జరిపాను, దాని హద్దులు దానికే గుర్తు రాకుండా. రమ్మీలని వలతో తరమకుండా, ప్లాస్టిక్ డబ్బా ఒకటి నీళ్ళలో ముంచి పెట్టి మెల్లగా లోపలికి తోలాను, మూడు దఫాలుగా. డబ్బాలో నీళ్ళు పెద్ద తొట్టిలో పొయ్యలేదు, చేపల్ని మాత్రం మెత్తని వలతో ఎత్తి వదిలాను. నలభై మూడు రోజులయ్యాక కూడా ఆ నీళ్ళంటే అనుమానమేటండీ అని మా ఆవిడ. అలవాటు.

రమ్మీ నోసు అంటే ముక్కు ఎర్రగా ఉండాలి, కుంకం బొట్టు ముఖమంతా పులుముకున్నట్టు. దానికి ఒంట్లో బాగోకపోయినా, నీళ్ళు బాగోకపోయినా, బెదిరినా ఆ ఎరుపు పాలిపోతుంది. నా దగ్గరున్న టెస్టు కిట్లన్నింటికంటే నమ్మకమైంది ఇదే. పెద్ద తొట్టిలోకి దిగగానే పన్నెండూ తెల్లబోయాయి, మూల చెక్క వెనకాల ఒకదానికొకటి ఆనుకుని అక్కడే ఉండిపోయాయి. ముసలి ఏంజెల్ ఒకసారి దగ్గరకొచ్చి చూసి పోయింది. రాత్రి తిండి పెట్టలేదు. పదింటికి చూశాను, తెల్లగానే ఉన్నాయి. రెండింటికి లేచి చూశాను, చీకట్లో ఏమీ కనపడలేదు, టార్చి వేస్తే బెదురుతాయని వెయ్యలేదు, అలా కుర్చీలో కూర్చున్నాను కాసేపు.

పొద్దున్న ఆరింటికి అమ్మ లేపింది, "ఒరే, బొట్లెట్టుకున్నాయిరా" అని. వెళ్ళి చూస్తే తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే వరసలో వెళ్తున్నాయి, చివరిదాకా వెళ్ళి అందరూ ఒకేసారి వెనక్కి తిరుగుతున్నాయి, ముక్కులన్నీ ఎర్రగా. నాలుగడుగుల్లో అవి అలా తిరగడం నేను మొదటిసారి చూడ్డం, చిన్న తొట్టిలో వాటికి తిరగడానికి చోటేది.

రెండో రోజు, మూడో రోజు, ఐదో రోజు అమ్మోనియా చూశాను, మూడో రోజు కొంచెం పచ్చ తిరిగినట్టు అనిపించి పావు వంతు నీళ్ళు మార్చాను, ఐదో రోజుకి మళ్ళీ నిమ్మకాయ. ఏంజెళ్ళు రెండూ ఇంకా పురిటి గదిలోనే ఉన్నాయి, వచ్చే బుధవారం వాటి వంతు. గప్పీలు టబ్బుకి తిరిగి వెళ్ళిపోయాయి, ఒకటి ఈనింది కూడా, అమ్మ నాతో మాట్లాడుతోంది.

బావకి వీడియో తీసి పంపించాను, చూడు ఇప్పుడు నీళ్ళు పెంచుతున్నానా చేపలు పెంచుతున్నానా అని. పావుగంటకి ఫోన్ చేశాడు. "ఏటోయ్, పన్నెండన్నావు, నాను నాలుగుసార్లు లెక్కెట్టినాను, పదకొండే ఉన్నాయి."